ఎన్‌ఏఏ తగ్గిందట, పొడి తాగిస్తే పెరుగుతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా తమ్ముడికి 23 ఏళ్ళు. హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు. రెండు నెలల కిందట రూములో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎమ్మారై తీశారు, దాంతోపాటు స్పెక్ట్రోస్కోపీ అని ఇంకోటి కూడా తీశారు. టీబీ వల్ల మెదడులో చిన్న గడ్డ ఉందని చెప్పి టీబీ మందులు, ఫిట్స్ మందులు రాశారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు, బాగానే తింటున్నాడు. కానీ రిపోర్టులో 'ఎన్‌ఏఏ తగ్గింది, లిపిడ్ పీక్ కనబడుతోంది' అని ఉంది. డాక్టరు గారి దగ్గర జనం ఎక్కువ ఉండి అది అడగలేకపోయాం. మెడికల్ షాపు అబ్బాయి రిపోర్టు చూసి, ఎన్‌ఏఏ అంటే మెదడుకు కావలసిన అమైనో యాసిడ్, తక్కువైతే జ్ఞాపకశక్తి పోతుంది అని 1,850 రూపాయల పొడి డబ్బా ఇచ్చాడు. ఇంకా సీలు తియ్యలేదు. నెట్‌లో చూస్తే ఎన్‌ఏఏ వల్ల పసిపిల్లలకు కెనవాన్ అనే జబ్బు వస్తుందని, అది వంశంలో వచ్చేదని, దగ్గరి సంబంధాల్లో ఎక్కువని ఉంది. నేను మా మేనమామనే చేసుకున్నాను. మా అమ్మమ్మే మా అత్తగారు. మాకు ఏడాదిన్నర పాప ఉంది, ఇల్లంతా పరిగెత్తుతూ ఉంటుంది. ఆ నెట్ చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. తమ్ముడికి పొడి తాగించమంటారా? పాపకు టెస్టు చేయించాలా? పేరు రాయకండి.

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. పాపకు ఆ జబ్బు లేదు. ఎందుకు లేదో కిందికి వచ్చాక చెబుతాను, కానీ ఈ మాట మొదటే వినండి. పొడి డబ్బా సీలు తియ్యకండి. రెండోది, నేను న్యూరాలజిస్టును కాను, మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. తమ్ముడి మందులు మార్చే అధికారం నాకు లేదు. ఆ రిపోర్టులోని మూడక్షరాలు ఏమిటో చెప్పగలను.

ఎన్‌ఏఏ పూర్తి పేరు ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్. ఆస్పార్టిక్ యాసిడ్ అనే మామూలు అమైనో ఆమ్లం ఉంది, అంటే ప్రొటీన్లు కట్టే ఇటుకల్లో ఒకటి. పప్పులో, గుడ్డులో, మాంసంలో అన్నిట్లో ఉంటుంది. దాని అమైనో కొసకు ఎసిటైల్ అనే చిన్న మూత బిగిస్తే ఎన్‌ఏఏ. ఆ మూత మన వెనిగర్‌లోని ఎసిటిక్ యాసిడ్ ముక్కే.

ఈ మూత వల్ల ఒక తమాషా జరిగింది. మా ల్యాబులో ఫస్టియర్ పిల్లలకు అమైనో ఆమ్లాలను విడదీసే ప్రయోగం ఉండేది. కాగితం మీద చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెట్టి, ఆరాక నిన్‌హైడ్రిన్ అనే రసాయనం చల్లి ఓవెన్‌లో పెడితే ఎక్కడెక్కడ అమైనో ఆమ్లం ఉందో అక్కడ ఊదారంగు మచ్చలు తేలతాయి. వద్దన్నా చేత్తో ముట్టుకునేవాళ్ళు, వేళ్ళు ఊదా రంగెక్కేవి, రెండు రోజులు సబ్బుకు కూడా పోయేది కాదు. చర్మం మీది చెమటలోనూ అమైనో ఆమ్లాలు ఉంటాయి మరి. కానీ నిన్‌హైడ్రిన్ పట్టుకునేది మూత లేని అమైనో కొసనే. మూత ఉన్న ఎన్‌ఏఏ కాగితం మీద ఉన్నా కంటికి కనబడదు. ఆమ్లంలో మరిగించి మూత ఊడగొడితే అప్పుడు ఆస్పార్టిక్ యాసిడ్ బయటపడుతుంది. మెదడులో ఇంత దండిగా ఉన్న పదార్థం 1956 దాకా ఎవరికీ చిక్కకుండా ఉందంటే ఇదొక కారణం. ఆ ఏడాది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టాలన్, మూర్, స్టైన్ అనే ముగ్గురు పిల్లి మెదడులో దాన్ని పట్టుకున్నారు. ఆ మూర్, స్టైన్ లకే 1972లో వేరే పనికి, అంటే ఒక ఎంజైము నిర్మాణం మీద చేసిన పనికి, కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఎంత ఉంటుందంటారా? పెద్దవాళ్ళ మెదడు మొత్తం పిండి చూస్తే రెండు, రెండున్నర గ్రాములు. కూరలో వేసే ఉప్పు అర చెంచా అంత. వినడానికి తక్కువే గానీ మెదడులో విడిగా తిరిగే ఈ జాతి పదార్థాల్లో గ్లుటమేట్ అనే ఇంకో అమైనో ఆమ్లం తరవాత స్థానం దీనిదే.

ఇప్పుడు మీకు పనికొచ్చే విషయం: ఇది ఎక్కడ తయారవుతుంది? నరకణంలోనే, అంటే న్యూరాన్‌లోనే, ముఖ్యంగా దాని మైటోకాండ్రియాల్లో, అంటే కణానికి శక్తి తయారుచేసే గదుల్లో. ముడిసరుకు బయటినుంచి పొట్లం కట్టి రాదు. మీ తమ్ముడు తిన్న అన్నం గ్లూకోజ్ అవుతుంది, గ్లూకోజ్ మెదడుకు చేరుతుంది, న్యూరాన్ దాన్ని విరిచి రెండు ముక్కలు తీసుకుంటుంది. ఒక ముక్క ఎసిటైల్, అది మూతకు. ఇంకో ముక్క ఆక్సలోఎసిటేట్. దానికి గ్లుటమేట్ నుంచి ఒక అమైనో గుంపు తగిలిస్తే ఆస్పార్టేట్, అంటే ఆస్పార్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం, అవుతుంది. ఆ తగిలించే ఎంజైము పేరు మీకు కొత్త కాదు. లివర్ టెస్టు కాగితంలో ఎస్‌జీఓటీ అని ఉంటుంది చూడండి, అదే. లివర్‌లో ఉన్నట్టే మెదడులోనూ ఉంటుంది. చివర్లో మూత బిగించే ఎంజైము వేరే. దాని జన్యువు 2010 ప్రాంతానికి గానీ దొరకలేదు. పదార్థం దొరికాక దాని మేస్త్రీ దొరకడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది!

షాపు అబ్బాయి డబ్బాలో ఉన్నదేమిటి? లేబుల్ మీద ఆస్పార్టిక్ యాసిడ్, గ్లుటమిక్ యాసిడ్ అని ఉండి ఉంటుంది. అవి కడుపులో పడ్డాక పేగుల గోడలే చాలామటుకు ఖర్చు పెట్టేసుకుంటాయి. మిగిలింది రక్తంలోకి వచ్చినా రక్తానికీ మెదడుకూ మధ్య ఒక గట్టి కాపలా ఉంది. ఆస్పార్టేట్, గ్లుటమేట్ ఆ గేటు దాటడం బాగా కష్టం. మంచికే. గ్లుటమేట్ న్యూరాన్లను రెచ్చగొట్టే పదార్థం. తిన్న ప్రతి ముద్దకూ అది మెదడులో హెచ్చుతగ్గులైతే భోజనం చేసిన ప్రతివాడికీ ఫిట్స్ వచ్చేవి. కాబట్టి మెదడు ఆ సరుకు తనే ఇంట్లో వండుకుంటుంది, బయటి పార్సెల్ తెప్పించుకోదు.

సరే, మరి తమ్ముడికి ఎందుకు తగ్గింది? ఇక్కడే షాపు అబ్బాయి, నెట్టు, ఇద్దరూ పప్పులో కాలేశారు. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గింది అన్నట్టు మనిషి మొత్తంలో ఎన్‌ఏఏ తగ్గిందని అర్థం చేసుకున్నారు. స్పెక్ట్రోస్కోపీ అలా కొలవదు. ఫిల్ములో చూడండి, మెదడు బొమ్మ మీద ఒకచోట చిన్న చతురస్రం గీసి ఉంటుంది. ఆ చతురస్రం లోపల ఏమున్నాయో అంతవరకే మిషను చెబుతుంది. మీ తమ్ముడికి ఆ చతురస్రాన్ని గడ్డ మీదే పెట్టి ఉంటారు, అది ఏమి గడ్డో తెలుసుకోవడానికే కదా ఈ టెస్టు. టీబీ గడ్డ లోపల న్యూరాన్లు ఉండవు. న్యూరాన్ లేనిచోట ఎన్‌ఏఏ ఉండదు. పొలంలో చీమలపుట్ట ఉన్న జాగాను తాడుతో కొలిచి, ఇక్కడ వరి పండలేదు అని రాస్తే పొలమంతా ఎండిపోయిందని ఏడుస్తామా? ఎరువు తెచ్చి పుట్ట మీద చల్లుతామా?

పక్కన ఒక గ్రాఫ్ కూడా ఉండాలి, కొండల వరసలాగా. దాన్ని వెలుతురులో పెట్టి చూడండి. కింద అంకెలు మనం చదివే తీరుకు వ్యతిరేకంగా, కుడి నుంచి ఎడమకు పెరుగుతుంటాయి. 2 దగ్గర ఉండే కొండ ఎన్‌ఏఏ. 3 దగ్గరిది క్రియాటిన్. దాని పక్కనే 3.2 దగ్గర కోలిన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మెదడులో అన్నిటికన్నా ఎత్తు ఎన్‌ఏఏదే. కోలిన్ నుంచి క్రియాటిన్ మీదుగా ఎన్‌ఏఏ దాకా కుడివైపుకు మెట్లెక్కినట్టు ఉంటుంది. ఆ మెట్ల వాలు చూసే రేడియాలజిస్టులు సగం సంగతి చెప్పేస్తారు. ఎన్‌ఏఏ పొట్టిగా ఉండి కోలిన్ బాగా పైకి లేస్తే కణాలు వేగంగా పెరుగుతున్నాయేమో, అంటే కణితేమో అని అనుమానిస్తారు. మీవాడి రిపోర్టులో అలా లేదు. 1.3 దగ్గర లిపిడ్ కొండ ఉంది. టీబీ గడ్డ మధ్యలో చచ్చిన కణాల కొవ్వు, టీబీ క్రిమి ఒంటి మీది మైనం లాంటి కొవ్వు పేరుకుంటాయి, ఆ కొండ వాటిదే. మీరు భయపడిన ఆ రెండు మాటలే డాక్టరు గారికి టీబీ వైపు దారి చూపిన ఆధారాల్లో ఉన్నాయన్నమాట. ఇంకో మాట: ఈ లిపిడ్‌కూ రక్తపరీక్షలో వచ్చే కొలెస్ట్రాల్‌కూ సంబంధం లేదు. నూనె వాడకుండా చప్పిడి కూరలు పెట్టి కుర్రవాణ్ణి మాడ్చకండి.

ఆ గ్రాఫ్‌లోని క్రియాటిన్ కొండను చూసినప్పుడల్లా నాకు ఒక పేరు గుర్తుకొస్తుంది, చెప్పకుండా ఉండలేను. ఆ కొండలో సగం వాటా ఫాస్ఫోక్రియాటిన్‌ది. దాన్ని 1927లో కనిపెట్టింది హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసిన మన భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు ఇంకోసారి వస్తుంది, ఆగండి.

ఇప్పుడు మీ పాప సంగతి. న్యూరాన్ ఎన్‌ఏఏ తయారుచేస్తుంది కానీ తను విరగ్గొట్టలేదు. విరగ్గొట్టేది పక్కింటివాళ్ళు. నరాల తీగలకు కొవ్వుతో తొడుగు చుట్టే కణాలు మెదడులో ఉంటాయి, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిది, మైలిన్ అంటారు. ఆ కణాల్లో ఆస్పార్టోఎసిలేజ్ అనే ఎంజైము ఎన్‌ఏఏ మూత ఊడదీస్తుంది. ఊడిన ఎసిటేట్‌ను ఆ కణాలు కొవ్వు తయారీకి వాడుకుంటాయి. పసితనంలో తొడుగులు జోరుగా అల్లుకునే రోజుల్లో ఈ సరఫరాకు మంచి గిరాకీ.

ఆ ఎంజైము పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు వచ్చేదే కెనవాన్ జబ్బు. మర్టెల్ కెనవాన్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1931లో అలాంటి ఒక బిడ్డ మెదడును వర్ణించారు. ఎంజైము లోపమే కారణమని 1988లో రూబెన్ మటలాన్ బృందం తేల్చింది. తయారీ ఆగదు, విరగ్గొట్టేవాళ్ళు లేరు, కాబట్టి ఎన్‌ఏఏ మెదడులో మేట వేస్తుంది, మూత్రంలోకి కూడా పొంగి వస్తుంది. అంటే ఆ జబ్బులో ఎన్‌ఏఏ పెరుగుతుంది. మీ తమ్ముడి గడ్డలో తగ్గింది. ఒకటి వరద, ఇంకొకటి నీళ్ళు లేని బండ. మీవాడిది క్రిమి వల్ల వచ్చింది, వంశంలో వచ్చింది కాదు, మీ ద్వారా పాపకు పోయేది అసలే కాదు. నెట్‌లో మూడక్షరాలు కలిశాయని రెండు జబ్బులూ ఒకటైపోయాయి, అంతే.

కెనవాన్ మామూలు రకంలో బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్యే తెలిసిపోతుంది. మెడ నిలబడదు, ఒళ్ళు వడలిన తోటకూర కాడలా వాలిపోతుంది, తల మాత్రం వయసుకు మించి పెరుగుతూ పోతుంది. ఏడాదిన్నరకు ఇల్లంతా పరిగెత్తే పిల్లను పెట్టుకుని మీరు ఆ జబ్బు గురించి బెంగపడుతున్నారు. పరిగెత్తడమే ఆ పిల్ల ఇచ్చే టెస్టు రిపోర్టు.

మేనరికం గురించి మీరు అడగలేదు గానీ భయమంతా అక్కడే ఉన్నట్టుంది. కెనవాన్ బిడ్డకు రావాలంటే చెడిన జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి అందాలి. తూర్పు యూరప్ మూలాలున్న అష్కనాజీ యూదుల్లో దాన్ని మోసేవాళ్ళు సుమారు 40 నుంచి 60 మందిలో ఒకరు ఉంటారు. మన దగ్గర ఇది చాలా అరుదు. అయితే మేనమామ, మేనకోడలు ఒకే తాత అమ్మమ్మల జన్యువులు పంచుకున్నవాళ్ళు కాబట్టి, కెనవాన్ అనే కాదు, ఇలా దాక్కుని ఉండే ఏ లోపమైనా ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం బయటి సంబంధంలో కన్నా ఎక్కువ. మేనమామ పెళ్ళిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడినుంచి వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు. ఇది తప్పు చేశారని చెప్పడం కాదమ్మా, పెళ్ళి మీరు కుదుర్చుకోలేదు కదా. రెండో బిడ్డ అనుకుంటే ముందే ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. మీ అమ్మమ్మ వైపు పసిపిల్లలు ఎవరైనా కారణం తెలియకుండా పోయారా అని ఆవిడను మెల్లగా అడిగి తెలుసుకుని వెళ్ళండి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇక జ్ఞాపకశక్తి. ఎన్‌ఏఏ ఎక్కువుంటే తెలివి అనే లెక్క నిజమైతే కెనవాన్ పిల్లలు అందరికన్నా చురుగ్గా ఉండాలి. పోనీ అది లేకపోతే మెదడు క్షణం నడవదా అంటే, మెదడులో ఎన్‌ఏఏ జాడే లేని ఒక బిడ్డ గురించి 2001లో డాక్టర్లు రాశారు. ఎదుగుదల బాగా వెనకబడింది, ఫిట్స్ వచ్చాయి, కానీ బిడ్డ బతికే ఉంది. మూత బిగించే ఎంజైము జన్యువు దొరికాక, లోపం అందులోనే ఉందని తేలింది. ఇంకో సంగతి, ఎన్‌ఏఏ తగ్గడం ప్రతిసారీ న్యూరాన్ చావు కాదు. మైటోకాండ్రియాలు నీరసించినా తగ్గుతుంది. ఫిట్స్ ఒకవైపునుంచి పుట్టేవాళ్ళకు ఆపరేషన్ చేసి ఫిట్స్ ఆగిపోయాక, కత్తి పడని రెండోవైపు తగ్గి ఉన్న ఎన్‌ఏఏ దానంతటదే పెరగడం చూశారు. పొడి తాగి కాదు, ఫిట్స్ ఆగి.

ఎన్‌ఏఏకి ఒక చెల్లెలు ఉంది, దాని గురించి రెండు ముక్కలు. ఎన్‌ఏఏకి గ్లుటమేట్ జోడిస్తే ఎన్‌ఏఏజీ అవుతుంది. న్యూరాన్ దీన్ని నరం చివర దాచిపెట్టుకుని, పని బాగా వేడెక్కినప్పుడు వదులుతుంది. అది వెళ్ళి గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది, బ్రేకు లాగా. పని అయ్యాక పక్కనున్న సహాయక కణాల మీది ఎంజైము దాన్ని మళ్ళీ రెండుగా తుంచుతుంది. ఆ ఎంజైమే చిన్నపేగులోనూ ఉండి, పాలకూరలో పెసరపప్పులో ఉన్న ఫోలేట్ తోక కత్తిరించి ఒంటికి పట్టేట్టు చేస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ వాళ్ళకు తీసే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ వెతికేది కూడా ఇదే ప్రొటీన్‌ను. ఒకే కత్తెర, మూడు దుకాణాలు. గర్భంలో ఉన్నప్పుడు మీరు మింగిన ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉంది చూశారూ, ఫోలిక్ యాసిడ్‌ను మొదట తయారుచేసిన లెడర్లీ కంపెనీ పరిశోధన బృందాన్ని నడిపించింది సుబ్బారావు గారే. చెప్పానుగా మళ్ళీ వస్తారని.

ఇప్పుడు మీరు నిజంగా చూసుకోవలసినవి. తమ్ముడి మందుల కవర్లన్నీ మంచం మీద పరవండి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఉంటే, దాంతోపాటు పైరిడాక్సిన్ అనే చిన్న మాత్ర ఉందేమో చూడండి. అది బీ6 విటమిన్. పైన చెప్పిన ఆస్పార్టేట్ తయారీకి, మెదడును శాంతపరిచే గాబా అనే పదార్థం తయారీకి అది లేకుండా ఎంజైములు కదలవు. ఐసోనియాజిడ్ ఒంట్లోని బీ6ను దెబ్బతీస్తుంది, అందుకే ఆ మాత్ర కలిపి ఇస్తారు. చౌకది, బలం మాత్రే కదా అని చాలా ఇళ్ళలో మొదట మానేసేది దాన్నే. చీటీలో ఉంటే మానకండి, లేకపోతే డాక్టరు గారిని అడగండి. సొంతంగా కొని డోసు పెంచడం మాత్రం వద్దు.

టీబీ మందులు లివర్ మీద పడొచ్చు, ఎస్‌జీఓటీ పరీక్ష చేయించమనేది అందుకే. కళ్ళు పచ్చబడ్డా, అన్నం సయించక వాంతులవుతున్నా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఇలాంటి టైములో లోపల ఏముందో తెలియని పొడి కలిపితే, లివర్ తేడా చేసినప్పుడు దోషం మందుదా పొడిదా తేల్చుకోలేక డాక్టరు తల పట్టుకుంటారు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కొన్ని ఫిట్స్ మందుల పని తగ్గిస్తుంది కూడా. టీబీ డాక్టరుకు ఫిట్స్ చీటీ, ఫిట్స్ డాక్టరుకు టీబీ చీటీ చూపించండి. బాగున్నాడు కదా అని ఏ ఒక్కటీ మధ్యలో ఆపొద్దు.

మళ్ళీ ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం ఏవీ చేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. డాక్టరు సరేననేదాకా బైకు తాళం, బావిలో ఈత రెండూ బంద్.

డబ్బా సీలు తియ్యలేదన్నారు, బిల్లు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. తీసుకోనంటే గొడవ పెట్టుకోకండి, ఆ అబ్బాయికి ఈ జవాబు చదివి వినిపించండి. వచ్చే రివ్యూకి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఆ కొండల గ్రాఫ్ ఉన్న ఫిల్ము కూడా పట్టుకెళ్ళండి. చాలామంది దాన్ని బీరువా మీద పడేసి వెళతారు.